శేషాచార్యులు గారు వదలని నువ్వులు

ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయల దుకాణాల్లో మామిడల్లం ఎప్పుడో గాని రాదు. మొన్న శనివారం వచ్చింది, అట్టపెట్టెలో, మట్టి కూడా వదలకుండా. ఒక కొమ్మును గోటితో గీరగానే పచ్చిమామిడి వాసన గుప్పుమంది. వెంటనే శేషాచార్యులు గారు గుర్తొచ్చారు. ఆయనకు మామిడల్లం పచ్చడంటే ప్రాణం. ప్రతి కొమ్మునూ విరిచి, వాసన చూసి, "ఇందులో అల్లం ఉంది గానీ మామిడి లేదు" అని తీర్పు చెప్పి పక్కన పెట్టేసేవారు. కౌంటర్లో ఆవిడ విసుక్కుంటే, విరవకుండా వాసన ఎలా తెలుస్తుందో చెప్పమని క్లాసులో విద్యార్థిని అడిగినట్టు గంభీరంగా అడిగేవారు. ఆయన విరిచి పారేసినవన్నీ సిగ్గుపడి నేనే కొనేదాన్ని. ఆ వారమంతా మా ఇంట్లో పప్పులోనూ అదే, పులిహోరలోనూ అదే.

ఐసెలిన్‌లో మా టౌన్‌హౌస్‌కీ ఆయన టౌన్‌హౌస్‌కీ మధ్య ఒకటే గోడ. గోదావరి పక్క ఆచార్యుల కుటుంబంలో పుట్టి, చిన్న వయసులోనే ఈ దేశం వచ్చి, ఇక్కడే తత్త్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి, న్యూజెర్సీలో ఒక చిన్న కాలేజీలో రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పారు. భార్య పోయింది. కొడుకు రెడ్‌మండ్‌లో. ఆయన జీవితంలో రాసింది ఒకటే పుస్తకం, ఇంగ్లీషులో, విప్లవాలకు వ్యతిరేకంగా. కేవలం ఒక విప్లవానికి కాదు, విప్లవం అనే ఆలోచనకే. కాలేజీలో తోటి ప్రొఫెసర్లు ఆయనతో కూర్చుని లంచ్ తినేవారు కాదట. మన తెలుగు సాహిత్య సభలవాళ్ళు ఒకసారి పిలిచి, ఉపన్యాసం సగంలో ఉండగానే టీ బ్రేక్ ప్రకటించి, మళ్ళీ పిలవడం మరిచిపోయారు. ఈ రెండు సంగతులూ ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

నేనాయన్ని మొదట చూసింది మా కమ్యూనిటీ అసోసియేషన్ మీటింగ్‌లో. ఇల్లు కొన్న కొత్త. ప్రతి తీర్మానానికీ అందరం చేతులెత్తుతున్నాం. వెనక వరసలో నామాలు పెట్టుకున్న ఒక పెద్దాయన మాత్రం అన్నిటికీ "నో" అంటున్నారు. బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను.

"అంకుల్, అన్నిటికీ నో ఎందుకన్నారు? పార్కింగ్ రూల్ మారిస్తే మీకేం ప్రాబ్లమ్?"

"నాకేం లేదమ్మా, నాకు కారే లేదు. ఎందుకు మారుస్తున్నారో వాళ్ళు చక్కగా చెప్పారు. మొదట ఎందుకు పెట్టారో ఒక్కరూ చెప్పలేదు. అది చెబితే యస్ అంటాను."

నాకు ఒళ్ళు మండింది. నేను కమ్యూనిస్టు కూతుర్ని. మా నాన్న లింగయ్య ఖమ్మంలో హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి, ఉపాధ్యాయ సంఘం నాయకుడిగా రిటైరయ్యాడు. నాకు అరుణ అని పేరు పెట్టడంలోనే ఆయన రాజకీయం ఉంది. జోలపాటల బదులు ఊరేగింపు పాటలు విని పెరిగినదాన్ని, పాతదాన్ని చూస్తేనే చెయ్యి దురదపుట్టే రకం. ఈయన్ని ఒక పట్టు పట్టాలనుకుని ఆదివారం కాఫీకి వెళ్ళాను. ఆ పట్టు పట్టడం చాలా ఏళ్ళు సాగింది, ఆయన నాకు లొంగలేదు గానీ వాళ్ళింటి ఫిల్టర్ కాఫీకి నేను లొంగిపోయాను.

"మీ నాన్నగారి జెండా నేనూ మోశానమ్మా" అన్నారు ఒకరోజు. ఈ దేశం రాకముందు ఇండియాలో చదివిన యూనివర్సిటీ రోజుల కథ చెప్పారు. హాస్టల్ మెస్ కాంట్రాక్టరు బియ్యంలోనూ నూనెలోనూ నొక్కేస్తాడని అందరికీ తెలుసు. ఈయనే ముందు నిలబడి ఉద్యమం లేవదీసి అతన్ని వెళ్ళగొట్టించారు. విద్యార్థుల కమిటీ మెస్ నడిపింది. లెక్కలు పక్కాగా సరిపోయాయి, సాంబారు చిక్కబడింది, అందరూ మురిసిపోయారు. ఆ టర్ము ముగిసేలోగా ఇద్దరు విద్యార్థులు చదువు మానేసి ఊళ్ళకు పోయారు. వాకబు చేస్తే తెలిసింది, మెస్ బిల్లు కట్టలేని వాళ్ళకు ఆ దొంగ కాంట్రాక్టరే వెనక గుమ్మం దగ్గర కూర్చోబెట్టి ఊరికే అన్నం పెట్టేవాడని, అదీ నొక్కేసిన దాంట్లోంచేనని.

"మా కమిటీ లెక్కల్లో వెనక గుమ్మం లేదమ్మా" అన్నారు.

"అయితే దొంగల్ని ఉండనివ్వాలా?"

"వద్దు. వెళ్ళగొట్టే ముందు వెనక గుమ్మం దాకా వెళ్ళి చూడాలి. నా ఫిలాసఫీ అంతే. పుస్తకంలో మిగతాదంతా ఫుట్‌నోట్లే."

నేను ఒప్పుకోలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆఫీసులో పాత సిస్టమ్ ఒకటి తీసిపారేసి కొత్తది రాద్దామని మా టీమ్ ఉరకలేస్తున్నప్పుడు, దీని మీద ఇంకా ఎవరు బతుకుతున్నారో ముందు చూద్దామని నేను అడ్డం పడ్డాను. చూస్తే మాకు తెలియకుండా రెండు టీమ్‌లు దాన్నే వాడుతున్నాయి. ఆ సంగతి ఆయనకు చెబితే పొంగిపోతారని చెప్పలేదు. కిరణ్ చెప్పేశాడు. మా ఆయనకు నోట్లో నువ్వుగింజ నానదు. ఆచార్యులు గారు నెల రోజులు మీసాల్లో నవ్వుకున్నారు.

అమ్మ పోయిన మరుసటి ఏడు నాన్న మా దగ్గరికి వచ్చాడు, విజిటర్ వీసా మీద. ఈ ఇద్దరినీ ఎదురుపడనివ్వకూడదని నేను గట్టిగా అనుకున్నాను. రెండో రోజు పొద్దున లేచి చూస్తే, ఇద్దరూ కాంప్లెక్సు చుట్టూ వాకింగ్ చేస్తున్నారు. నాన్న చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నారు. ఇక అది రోజూ జరిగే తంతయింది. నాన్న ఆయన్ని ఎదురుగా "సారు" అనీ, ఇంట్లో "మన ప్రగతి నిరోధకుడు" అనీ పిలిచేవాడు. ఆయన నాన్నను "కామ్రేడ్ గారూ" అనేవారు. ఆ "గారూ" దగ్గర మా కూతురు మేఘనకు ప్రతిసారీ నవ్వొచ్చేది.

మెస్ కథ నాన్నకూ చెప్పారు. నేనూ వెంట నడుస్తున్నాను ఆ రోజు. నాన్న అంతా విని, నవ్వి, నిలబడిపోయాడు.

"సారూ, మీ మెస్సుకు ఎన్క దర్వాజ ఉండె, మంచిదే. మరి ముంగటి దర్వాజల కెల్లి రానియ్యనోళ్ళ సంగతేంది? మా తాత మీ అసోంటోళ్ళ వాడల చెప్పులు చేతుల వట్టుకొని నడిచిండు. అది గూడ మొదలు ఎందుకు వెట్టిండ్రో తెలుసుకున్నంకనే తియ్యాల్నా?"

శేషాచార్యులు గారి మొహం పాలిపోయింది. "దానికి నా దగ్గర జవాబు లేదు కామ్రేడ్ గారూ" అన్నారు.

మర్నాడు నాన్న బూట్లు తొడుక్కుంటుండగానే తలుపు కొట్టారు. "పుస్తకాలన్నీ తిరగేశాను. జవాబు ఇంకా దొరకలేదు" అన్నారు. "దొరికినప్పుడే చెప్పుండ్రి సారూ, నేనేడికి వోత?" అన్నాడు నాన్న. ఆ జవాబు ఆయనకు ఎప్పటికీ దొరకలేదు. దొరికినట్టు నటించలేదు కూడా. నాకు ఆయన మీద అసలైన గౌరవం కలిగింది ఆ పొద్దున. నా చిన్నప్పటినుంచీ మా ఇంటికొచ్చిన ఉపన్యాసకుల్లో, తన దగ్గర జవాబు లేదన్న మనిషిని నేను చూడలేదు.

ఆకులు రంగు మారుతున్న రోజుల్లో ఖమ్మం నుంచి ఫోనొచ్చింది. నాన్న పాత సహచరుడొకాయన పోయాడు. జీవితమంతా మంత్రాలకు వ్యతిరేకంగా మాట్లాడిన మనిషిని కొడుకులు బ్రాహ్మణ్ణి పిలిచి, మంత్రాలు చదివించి, దినాలు ఘనంగా చేశారట. ఆ పొద్దున నాన్న ఇడ్లీ ముట్టలేదు. వాకింగ్‌కి పిలవడానికి ఆచార్యులు గారు వస్తే కూర్చోబెట్టాడు.

"అరుణా, ఇను. నేను ఈడ వోయినా ఆడ వోయినా మంత్రాలొద్దు, పిండాలొద్దు. ఎర్రగుడ్డ గప్పి కాలవెట్టుండ్రి. సారూ, మీరు సాక్ష్యం."

"నాకు ఇష్టం లేని మాటకు నన్ను సాక్షిగా ఉండమంటారా?" అన్నారు ఆయన.

"ఇష్టమున్నోడు సాక్ష్యమైతే ఏం ఫాయిదా? రేపు మావోళ్ళు నమ్మాలె గద!"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "విన్నాను" అన్నారు. సరే అనలేదు. ఆ తేడా నేను గమనించాను.

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ నాన్న ఆయన భుజం పట్టుకుని కిందికి జారిపోయాడు. 911కి ఫోన్ చేసింది ఆయనే. నేను ఆఫీసు నుంచి హాస్పిటల్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేసరికి అయిపోయింది. వెయిటింగ్ రూమ్‌లో ఆయన నాన్న కళ్ళజోడు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేచి, కళ్ళజోడు నా చేతిలో పెట్టారు. నేను ఆయన మీద పడి ఏడ్చాను.

అసలు గొడవ మర్నాడు మొదలైంది. కిరణ్ పాపం తన పని తాను చేసుకుపోయాడు. "ఫ్యూనరల్ హోమ్ శనివారానికి బుక్ చేశాను. టెంపుల్ పంతులు గారితో కూడా మాట్లాడాను, స్లాట్ ఉందన్నారు" అన్నాడు. నాన్న మాట చెప్పాను. "అవన్నీ అనేటప్పుడు అంటారే. మీ అన్నయ్యను అడుగు" అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా రవన్నకు వీడియో కాల్ చేస్తే, అన్న అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉన్నాడు.

"చెల్లె, నాకు వీసా లేదు. నాయిన మొఖం గూడ సూడలేను. కొడుకునై వుండి మంత్రాలన్న చదివించకపోతే రేపు నేనెట్ల నిద్రవోవాలె?"

"నాన్న వద్దన్నడన్నా. మాట తీసుకున్నడు."

"నీకొక్కదానికి చెప్పిండు. ఎవలు నమ్ముతరు?"

"పక్కింటి శేషాచార్యులు గారు కూడా విన్నరు."

అన్న మొహం వికసించింది. "నామాలు వెట్టుకునే అయ్యగారు, నాయిన ఫోన్ల చెప్తుండె, ఆయనేనా? మంచిది. ఆయన్నే అడుగు. ఆయనేదంటే అదే. ఇగ నేను మాట్లాడ."

కిరణ్ కూడా వెంటనే ఒప్పుకున్నాడు. రోజూ సంధ్య వార్చే మనిషి, పాత పద్ధతులు కాపాడాలని పుస్తకం రాసిన మనిషి మంత్రాలొద్దంటారా? పైగా ఆయన అన్నది "విన్నాను" అని మాత్రమే. నాన్న కడసారి మాట ఆయన ప్రత్యర్థి చేతిలో పెట్టేశాం. అన్నను కాదనే బలం నాకు లేదు. నాన్నను కాదంటే జీవితాంతం నాకు నేను మొహం చూపించుకోలేను. మేఘన వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చింది.

ఆయన స్నానం చేసి, పంచె కట్టుకుని, నామాలు పెట్టుకుని వచ్చారు. లాప్‌టాప్ ముందు నిటారుగా కూర్చున్నారు. అన్న చెప్పినదంతా మధ్యలో ఒక్క మాట అడ్డుపడకుండా విన్నారు.

"రవి గారూ, కర్మ జరగని మనిషికి ఏమవుతుందో నా నమ్మకం నాకుంది. అది మీకు చెప్పను. చెబితే భయపడతారు. కానీ మంత్రాలు వద్దు. ఆయన వద్దన్నారు. నేను విన్నాను."

అన్న తెరకు దగ్గరగా వచ్చాడు. "మీరే గట్లంటే ఎట్ల సారూ? పాత పద్ధతులు నిలవెట్టాలని చెప్పేది మీరే గద?"

"అన్నిటికంటే పాత పద్ధతి అదే బాబూ. పోయినవాడి మాట నిలబెట్టడం. బతికున్నవాడి మాట తప్పితే వచ్చి గల్లా పట్టుకుంటాడు. పోయినవాడు పట్టుకోలేడు. అందుకని వాళ్ళ మాటను మన వీలు కొద్దీ దిద్దుకోవడం మొదలుపెడితే, నేను రాసినదంతా చిత్తుకాగితం. వాళ్ళ మాట నాకు నచ్చితేనే నిలబెడతానంటే, అది వాళ్ళ మీద గౌరవం కాదు, నా మీద నాకున్న ఇష్టం."

అన్న గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. "మరి నేనేం జెయ్యాలె సారూ? నేను కొడుకును."

"అవును, మీకొక పని కావాలి. అది న్యాయం. మీ నాన్నగారి వాళ్ళు తమ మనిషిని ఎలా సాగనంపుతారో నాకు తెలియదు. మీరు చెప్పండి, మేం చేస్తాం."

అన్న చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూసిన అంతిమయాత్రలు, ఎర్రగుడ్డ, ఒకరు పేరు చెబితే అందరూ జోహార్ అనడం. చెబుతూ చెబుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆచార్యులు గారు కదలకుండా విన్నారు. "పేరు చెప్పేది కొడుకే. ఫోన్‌లో మీరు చెప్పండి, ఇక్కడ మేం అందుకుంటాం" అన్నారు. కిరణ్ లేచి బయటికి వెళ్ళి పంతులు గారికి ఫోన్ చేసి సారీ చెప్పాడు.

ఎర్రగుడ్డ కోసం ఓక్ ట్రీ రోడ్డుకు నేనూ ఆయనా వెళ్ళాం. చీరల దుకాణాల్లో ఎరుపుకేం కొదవ లేదు, కానీ అంతా జరీయే. ఒక దుకాణంలో ఆమె పెళ్ళి ఎప్పుడని నవ్వుతూ అడిగింది. మేం పక్క దుకాణంలోకి నడిచాం. చివరికి సన్న జరీ అంచున్న నూలు బట్ట ఒకటి దొరికింది. ఇది చాల్లెండి అన్నాను. "జరీ ఉంటే కామ్రేడ్ గారు ఒప్పుకోరు" అని ఆయన కత్తెర అడిగి తీసుకుని, అక్కడే నిలబడి అంచు కత్తిరించారు. అంచు వంకరటింకరగా వచ్చింది.

శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో మా ఆఫీసు స్నేహితులు, వీధిలోవాళ్ళు, కాసిని కుర్చీలు. నాన్న మీద ఎర్రగుడ్డ కప్పాం. నా ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. ఫోన్‌లో అన్న గొంతు సవరించుకున్నాడు.

"కామ్రేడ్ లింగయ్యకు!"

జోహార్ అన్నాం. కిరణ్ విజయవాడ యాసలో, మేఘన తన అమెరికా యాసలో. మొదటిసారి ఎవరి గొంతూ సరిగా లేవలేదు. రెండోసారికి నా పక్కన ఒక గొంతు గట్టిగా పలికింది. చూస్తే శేషాచార్యులు గారు. పిడికిలి ఎత్తలేదు, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, జోహార్ అంటున్నారు. పెదవులు ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ పలకలేదు. నేను కనిపెట్టి చూశాను, లోపల్లోపల ఏదైనా శ్లోకం చదువుతున్నారేమోనని. లేదు.

మరుసటి ఏడు మహాలయ పక్షంలో, పెద్దలకు నువ్వులూ నీళ్ళూ వదిలే రోజుల్లో, వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన అప్పుడే తర్పణం ముగించి వరండాలో కూర్చున్నారు. నీరసంగా ఉన్నారు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"ఈ రోజుల్లో బంధువులకే కాదమ్మా, గురువులకూ స్నేహితులకూ కూడా వదులుతాం. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు. ఇవాళ మీ నాన్నగారి పేరు నాలుక చివరిదాకా వచ్చింది."

"వదిలారా?"

"లేదు."

"మీ ఇంట్లో మీరొక్కరే ఉన్నారు కదండీ. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయన వద్దన్నది మీ ఇంటికి మాత్రమే కాదు కదమ్మా." తడి అరచేతుల వైపు చూసుకుంటూ అన్నారు. "నా నమ్మకం ప్రకారం నా స్నేహితుడు అక్కడ దాహంతో ఉన్నాడు. నీళ్ళు నా చేతిలో ఉన్నాయి. ఇవ్వలేదు."

అక్కడ దాహం లేదండీ, అక్కడ అసలేమీ లేదు అని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. మా నాన్న కూతురిగా అదే చెప్పాలి. చెప్పలేకపోయాను. ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాను. నాన్న కోసం ఈ లోకంలో అందరికంటే ఎక్కువ వదులుకున్నది ఈయనేనని ఆ రోజు అర్థమై, ఆపుకోలేక ఏడ్చాను.

ఆయన పోయి రెండు శీతాకాలాలైంది. కొడుకు వచ్చి, ఆయన కోరినట్టే ఏ లోటూ లేకుండా కర్మలన్నీ చేశాడు. నేను మడి కోసం తడిబట్టతో వంటింట్లో నిలబడి చెప్పిందల్లా అందించాను. ఆయన పుస్తకం నేను ఇప్పటికి రెండుసార్లు చదివాను, సగం చోట్ల మార్జిన్‌లో ఆయనతో పోట్లాడాను. పాతవన్నీ మంచివని నేనిప్పటికీ నమ్మను. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన ముత్తాతను ఏ ఫిలాసఫీ కోసమూ మరిచిపోను. పరలోకం మీద కూడా నాకు నమ్మకం లేదు.

అయినా ఆ పక్షం వచ్చినప్పుడల్లా ఏదో ఒక రోజు, వంటింట్లో సింకు దగ్గర నిలబడి ఉండగా, నాన్నకు దాహమేస్తోందేమోనని ఒక్క క్షణం అనిపిస్తుంది. ఒక్క చుక్క వదిలితే ఏం పోయింది అనిపిస్తుంది. గ్లాసు నిండా నీళ్ళు పట్టి, కాసేపు అలాగే పట్టుకుని నిలబడతాను. తర్వాత ఆ నీళ్ళు నేనే తాగేసి, పనిలో పడిపోతాను.